పెరటి కోళ్ళ షెడ్డులో కుందేళ్ళను కూడా ఉంచవచ్చునా?

ప్రశ్న: రాజోలు పెరడు

అందరికీ నమస్కారం. మాది వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య రాజోలు దగ్గర ఒక పల్లె. ఇంటి వెనుక కొబ్బరి చెట్ల నీడలో తాటాకు కప్పుతో వేసిన కోళ్ళ షెడ్డు ఉంది. పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు ఎనిమిది అడుగులు. మోకాలి ఎత్తు వరకు ఇటుక గోడ, దాని పైన చూరు దాకా ఇనుప వల. అందులో నాటు పెట్టలు, వనరాజా పెట్టలు కలిపి పదిహేను వరకు ఉన్నాయి, ఒక పుంజు ఉంది. పగలంతా తోటలో తిరిగి, పొద్దు గూకే వేళకు అవే వచ్చి అడ్డకర్రల మీద కూర్చుంటాయి.

మా మేనల్లుడు ఉద్యోగరీత్యా ఊరు విడిచి వెళ్తూ తన దగ్గరున్న న్యూజిలాండ్ వైట్ కుందేళ్ళను, ఒక పోతును, రెండు ఆడవాటిని మాకు ఇస్తానంటున్నాడు. వాటి కోసం వేరే పాక వేయాలంటే తాటాకుకూ, వెదుళ్ళకూ, కూలికీ కలిపి ఈ రోజుల్లో ఎంత అవుతుందో మీకు తెలియనిది కాదు. అందువల్ల కోళ్ళ షెడ్డులోనే అడ్డకర్రల కింద నేల ఖాళీగా ఉన్నది కదా, అక్కడ వదిలేయవచ్చునా అని ఒక ఆలోచన. అది కుదరకపోతే అదే షెడ్డులో కుందేళ్ళ బోన్లను వేలాడదీసి, కింద రాలిన మేతను కోళ్ళు ఏరుకొని తినేలా చేయవచ్చునా అని రెండవ ఆలోచన. మేత విషయంలో కూడా సందేహం ఉంది. మేము కోళ్ళకు వేసే లేయర్ మేతనే కుందేళ్ళకు కొంత వేసి, మిగిలినది పచ్చిగడ్డితో సరిపెట్టవచ్చునా?

ఊళ్ళో అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు. కోళ్ళకు కొక్కెర తెగులు వస్తే కుందేళ్ళు కూడా పోతాయని ఒకరు, కుందేళ్ళ వల్ల కోళ్ళకు గజ్జి పడుతుందని మరొకరు, ఏమీ కాదు, అన్నీ కలిసి తిరుగుతాయని ఇంకొకరు అంటున్నారు. రెండింటినీ కలిపి చూసినవారు, పశువైద్యం తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: రావులపాలెం కొబ్బరితోట

మీ మొదటి ఆలోచనను పూర్తిగా విరమించుకోండి. అడ్డకర్రల మీద కూర్చున్న కోడి రాత్రంతా రెట్ట వేస్తూనే ఉంటుంది. దాని కింద కుందేలును ఉంచితే ఆ రెట్ట దాని వీపు మీద, మేత గిన్నెలో, నీళ్ళలో పడుతుంది. కుందేలు తన ఒంటిని తానే నాకి శుభ్రం చేసుకొనే జంతువు కాబట్టి వీపు మీద పడినదంతా చివరకు దాని కడుపులోకే చేరుతుంది. పైగా వీటి పొద్దులు కలవవు. కోళ్ళు చీకటి పడగానే సద్దుమణిగితే, కుందేళ్ళు సరిగ్గా సంధ్య వేళకూ తెల్లవారుజాముకూ హుషారెక్కుతాయి. ఏదైనా అలికిడి వినబడితే వెనుక కాళ్ళతో నేలను దబదబా తన్నుతాయి. ఆ చప్పుడుకు పెట్టలు బెదిరి చీకట్లో కర్రల మీద నుంచి దూకడం, రెక్కలో కాలో దెబ్బ తగలడం జరుగుతుంది.

పోట్లాట సంగతి కూడా తేలికగా తీసుకోవద్దు. పుంజు కుందేలు మీదకు వెళ్తే దాని ముక్కూ కాలి ముల్లూ నేరుగా కంటికి, చెవికి తగులుతాయి. మన వైపు సంక్రాంతి కోసం పెంచే పందెం జాతి రక్తం కొంచెమైనా ఉన్న పుంజైతే ఇక చెప్పనక్కర లేదు. మరోవైపు పోతు కుందేలు ఊరికే ఉండదు, పెట్టల వెంటపడి మీదకెక్కి హైరానా పెడుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఈనిన తల్లి విషయం. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకొని పుడతాయి. కళ్ళు తెరవడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. పురుగో పుట్రో అనుకొని కోడి వాటిని పొడిచిందంటే తల్లి కుందేలు చేయగలిగింది ఏమీ లేదు.

మీ రెండవ ఆలోచన మాత్రం కొంత సవరిస్తే పనికివస్తుంది. మా తోటలో కోళ్ళ షెడ్డు గోడకు బయట వైపు, తూర్పు చూరు కింద, కుందేళ్ళ బోన్లు నేల నుంచి సుమారు మూడు అడుగుల ఎత్తున ఉన్నాయి. చూరును ఇంకో నాలుగడుగులు ముందుకు లాగి కప్పించాము, అంతే. వేరే పాక వేయలేదు. మధ్యలో నిలువెత్తు రేకు ఉంది కనుక కోళ్ళ వైపు దుమ్ము ఇటు రాదు. కుందేలు పెంటికలు బోను కిందకు రాలుతాయి, ఉదయం పూట కోళ్ళు వచ్చి అక్కడ గీరి, రాలిన మేత గింజలనూ ఈగ పురుగులనూ ఏరుకుంటాయి. ఈగల బెడద తగ్గడానికి అది బాగా ఉపయోగపడుతోంది. అయితే బోను పైభాగం మీద కోడి ఎక్కి కూర్చోకుండా రేకును ఏటవాలుగా బిగించాలి. చదునుగా ఉంటే మొదటి సాయంత్రమే ఒక పెట్ట అక్కడ కాపురం పెడుతుంది.

బోను అడుగు వలకు కంత అర అంగుళం వెడల్పు, అంగుళం పొడవు ఉంటే పెంటికలు కిందకు జారిపోతాయి, కాలు మాత్రం దిగబడదు. కోళ్ళకు వాడే ఆరు మూలల పలుచని వలను అడుగున వేయకండి. కుందేలు బరువుకు అది కుంగి, పాదాలు కోసుకొని పుండ్లు పడతాయి. పాదాలకు ఊరటగా ఒక మూల నున్నటి చెక్క పలక పెట్టాలి.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, అమలాపురం

పై మిత్రులు వసతి గురించి చెప్పినదానితో చాలా వరకు ఏకీభవిస్తున్నాను. అయితే నా సర్వీసులో కోళ్ళూ కుందేళ్ళూ కలిపి పెంచే ఇళ్ళలో కుందేళ్ళు చనిపోయాయని పిలిచినప్పుడు పోట్లాట వల్ల పోయినవి తక్కువ, మేత సంచీ వల్లా మందు సీసా వల్లా పోయినవి ఎక్కువ. అందరూ గోడ గురించి ఆలోచిస్తారు గాని గోడకు ఇటూ అటూ ఒకే డబ్బాతో మేత వేస్తారు, కోళ్ళ నీళ్ళలో కలిపిన మందు మిగిలితే కుందేళ్ళ గిన్నెలో పోస్తారు. అందువల్ల ఆ రెండు విషయాలే కొంచెం విస్తరించి రాస్తాను.

కుందేలు తిన్న పీచు పదార్థం పెద్దపేగు మొదట్లో ఉండే సీకమ్ అనే సంచిలో సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. అక్కడ తయారైన మెత్తని, జిగురు పట్టిన పెంటికలను అది రాత్రి చివరి జామునో తెల్లవారేటప్పుడో నేరుగా మలద్వారం నుంచే అందుకొని మళ్ళీ తింటుంది. మొదటిసారి చూసినవారు జబ్బు చేసిందని కంగారు పడతారు గాని అది దాని సహజమైన జీర్ణవిధానం. దానికి కావలసిన బి విటమిన్లూ కొంత మాంసకృత్తూ అలాగే అందుతాయి. ఈ ఏర్పాటు సజావుగా నడవాలంటే మేతలో పీచు సమృద్ధిగా ఉండాలి, పిండిపదార్థం తక్కువగా ఉండాలి. కోళ్ళ మేత సరిగ్గా దీనికి వ్యతిరేకం. మొక్కజొన్న, నూకలు ఎక్కువ, పీచు చాలా తక్కువ. కుందేలుకు అది రుచిగానే ఉంటుంది, గబగబా తింటుంది కూడా. తరువాత సీకమ్‌లో పిండిపదార్థం అదుపు తప్పి పులిసి, హానికర సూక్ష్మజీవులు పెరిగి, కడుపు ఉబ్బి, నీళ్ళ విరేచనాలతో పడిపోతుంది. తల్లి పాలు మానిన కొత్తలో పిల్లలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

లేయర్ మేతలో ఇంకొక చిక్కు ఉంది. గుడ్డు పెంకు కోసం అందులో సున్నం నూటికి మూడున్నర నుంచి నాలుగు పాళ్ళ దాకా ఉంటుంది. చాలా జంతువులు తమకు అవసరమైనంత సున్నాన్నే పేగుల నుంచి గ్రహిస్తాయి. కుందేలు మాత్రం తిన్నదాంట్లో ఉన్నది ఉన్నట్లు పీల్చుకొని, ఎక్కువైన దానిని మూత్రం ద్వారా బయటకు పంపుతుంది. సున్నం మితిమీరితే మూత్రం తెల్లగా, చిక్కగా బురదలాగా వస్తుంది, మూత్రాశయంలో రాళ్ళు కట్టే అవకాశం ఉంటుంది.

ఇక అసలు విషం గురించి. కోడిపిల్లల మేతలోనూ బ్రాయిలర్ మేతలోనూ రక్తపారుడు, అంటే కాక్సీడియోసిస్, రాకుండా కొన్ని మందులు ముందే కలిపి అమ్ముతారు. వాటిలో నరాసిన్, శాలినోమైసిన్, మదురామైసిన్ వంటి అయనోఫోర్ తరగతి మందులు కోడికి సరిపడే మోతాదులో ఉన్నా కుందేలుకు ప్రాణాంతకం కావచ్చు. మేత మానేయడం, కాళ్ళు పట్టు తప్పి తల వేలాడేయడం, ఆ తరువాత చనిపోవడం చూస్తాము. దీనికి విరుగుడు లేదు. కాబట్టి కోళ్ళ మేత సంచీ మీద ఏమి రాసి ఉన్నా, లేకపోయినా, అది కుందేళ్ళ దాకా వెళ్ళకూడదు. కుందేళ్ళ మేత కోళ్ళు ఏరుకొని తింటే నష్టం లేదు, గుడ్లు కొంత తగ్గుతాయేమో గాని ప్రాణభయం ఉండదు. కోళ్ళ వైపు నుంచి కుందేళ్ళ వైపుకు వచ్చే దారినే మూసి ఉంచాలి.

మందుల సంగతి ఇంతకంటే తీవ్రమైనది. కోళ్ళ నీళ్ళలో కలపడానికి మందుల దుకాణంలో ఇచ్చే పొడులలో అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్ వంటివి ఉంటాయి. ఇవి కుందేలు నోటి ద్వారా తీసుకుంటే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించే క్లాస్ట్రిడియం జాతులు విజృంభిస్తాయి. రెండు మూడు రోజుల తరువాత విరేచనాలు పట్టుకొని కుందేలు పోతే, ఎప్పుడో తాగిన నీళ్ళ వల్ల అని ఎవరికీ తోచదు. కుక్కల గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేలు ఒంటి మీద పడకూడదు. కోళ్ళకు మందు పెట్టిన రోజులలో నీళ్ళ తొట్టెలను, బకెట్లను వేరుగా ఉంచడం కంటే మేలైన జాగ్రత్త లేదు. రెండు రంగుల బకెట్లు కొనుక్కుంటే ఇంట్లో ఎవరు నీళ్ళు పెట్టినా పొరపాటు జరగదు.

మీ ఊళ్ళో చెప్పిన జబ్బుల మాటలకు సమాధానం. కొక్కెర తెగులు పక్షుల జబ్బు, కుందేలు దాని వల్ల చావదు. కాక్సీడియా రెండింటికీ వస్తాయి గాని కోడికి వచ్చే జాతులు వేరు, కుందేలుకు వచ్చేవి వేరు. కోడి నుంచి కుందేలుకు గాని, కుందేలు నుంచి కోడికి గాని అంటుకోవు. కుందేళ్ళ చెవుల్లో, ముక్కు మీద పొక్కులు కట్టే గజ్జి పురుగులు కోడి మీద కాపురం చేయవు, కాని ఆ గజ్జి మనుషుల చేతులకు కొంత దురద పెట్టగలదు. నిజంగా పట్టించుకోవలసినది పాస్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా. చాలా కుందేళ్ళు పైకి ఏ లక్షణమూ లేకుండా దానిని ముక్కులో మోస్తూ తిరుగుతాయి. కోళ్ళలో కలరా జబ్బును కలిగించేదీ ఆ బాక్టీరియాయే. రకాలు తరచు వేరుగా ఉన్నా ఒకదాని నుంచి మరొకదానికి వచ్చే అవకాశాన్ని తోసిపుచ్చలేము. అలాగే కోళ్ళు మోసే సాల్మొనెల్లా కుందేళ్ళకు సోకితే చూలు పోవడం, విరేచనాలు కలుగుతాయి.

మేనల్లుడి కుందేళ్ళను తెచ్చుకొనే ముందు ఒక్కొక్కదాని ముందు కాళ్ళను పట్టుకొని లోపలి వైపు చూడండి. ముక్కు కారే కుందేలు పిల్లి ముఖం తుడుచుకున్నట్లు ముందు కాళ్ళతో ముక్కు తుడుచుకుంటూనే ఉంటుంది కాబట్టి, ముక్కు అప్పటికప్పుడు పొడిగా కనబడినా, కాళ్ళ లోపలి బొచ్చు తడిసి ఎండి అట్టకట్టి ఉంటుంది. అటువంటిది ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. బాగున్నవాటిని కూడా రెండు మూడు వారాలు కోళ్ళకు దూరంగా, ఇంటికి అవతలి వైపు ఉంచి చూసి, తరువాత చూరు కిందకు మార్చండి.

జవాబు: లంక ఇల్లాలు, పి. గన్నవరం వైపు

డాక్టరు గారు మేత గురించి చెప్పారు కాబట్టి మన దగ్గర దొరికే పచ్చిమేత గురించి నాకు తెలిసినది చెబుతాను. మన డెల్టాలో కుందేళ్ళకు మేత కొనవలసిన అవసరం నిజానికి చాలా తక్కువ. గరిక, దశరథ గడ్డి, అవిశ ఆకు, మునగ కొమ్మలు, వరి కోసిన తరువాత చేలలో పిల్లిపెసర, ఏడాది పొడవునా ఏదో ఒకటి దొరుకుతుంది. సుబాబుల్ ఆకును మాత్రం రోజూ కడుపు నిండా పెట్టకూడదు. అందులోని మైమోసిన్ వల్ల బొచ్చు రాలుతుంది. ఉదయం మంచు తడితో కోసిన మేతను వెంటనే వేయకుండా నీడలో పలుచగా ఆరబోసి, వాడిన తరువాత సాయంత్రం వేస్తే కడుపు ఉబ్బరం రాదు. వానాకాలంలో కుప్పగా పోసిన గడ్డి లోపల వేడెక్కి ముక్కిపోతుంది. అటువంటి దానిని కోళ్ళు గీరి వదిలేస్తాయి, బోనులో ఉన్న కుందేలుకు వేరే దారి లేక తింటుంది.

ఎక్కడి గడ్డి కోస్తున్నామన్నది గడ్డి పేరు కంటే ముఖ్యం. వరి గట్ల మీద గడ్డి మందు కొట్టడం ఇప్పుడు మామూలైపోయింది. మందు కొట్టిన రెండు మూడు రోజుల వరకు గడ్డి పచ్చగానే కనబడుతుంది కాబట్టి ఆ చేను రైతును అడగకుండా కొడవలి పెట్టకండి. చేపల చెరువు గట్ల మీద గడ్డి ఏపుగా పెరుగుతుంది గాని, చెరువులకు కోళ్ళ ఎరువు వేసే చోట సంచులు దింపేది ఆ గట్ల మీదే. పంట బోదెల్లోనూ మురుగు కాలువల్లోనూ నీళ్ళను ఆనుకొని పెరిగిన గడ్డికి నత్తల ద్వారా కార్జపు జలగ పిల్లలు పట్టి ఉంటాయి. గేదెలకూ గొర్రెలకూ వచ్చే ఆ జలగ జబ్బు కుందేళ్ళకు కూడా వస్తుంది. అందుకే మేము నీళ్ళకు ఎగువన, మెరక మీద ఉన్న గడ్డినే కోస్తాము.

ఎండాకాలం సంగతి రాజోలు వారు ముందే ఆలోచించుకోవాలి. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి ప్రధానంగా చెవుల ద్వారానే పోవాలి. ముప్పై డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది, రోహిణీ కార్తె ఎండల్లో మన ఉక్కపోత కలిస్తే మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు లోపల చచ్చిపోగలదు. కోడి రెక్కలు విప్పుకొని, నోరు తెరుచుకొని రొప్పుతూ పాదులోని తడి మట్టిలో పడుకుంటుంది. బోనులోని కుందేలుకు ఆ వీలు లేదు. పడమటి వైపు తడి గోనె పట్టాలు కట్టి, బోనులో ఒక నాపరాయి ముక్కనో సిమెంటు పలకనో పెట్టండి, దాని మీద బోర్లా పడుకుంటాయి. గాలి ఆడకుండా నాలుగు వైపులా పట్టాలు కట్టేస్తే మాత్రం లోపల ఆవిరి పట్టి ఇంకా హాని. ఎండలు ముదిరినప్పుడు పోతు పనికిరాకుండా పోతుంది, ఎండలు తగ్గిన తరువాత కూడా కొన్ని వారాల దాకా చూలు నిలవదు. దానికి జబ్బు చేసిందని ఎవరికో అమ్మేయకండి.

ఇంకొక మాట. మా లంకల్లో ధవళేశ్వరం దగ్గర రెండవ ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే మేము సామాను సర్దుకుంటాము. పదమూడు లక్షల క్యూసెక్కులు దాటిన నీరు మా గట్లను ఎక్కడానికి ఎక్కువ సమయం పట్టదు. కోళ్ళు చెట్టెక్కి రెండు రోజులైనా ఉంటాయి. కుందేలు తడిసిందంటే బతకడం కష్టం. మీ బోను ఎవరైనా ఇద్దరు మోసుకొని మేడ మీదకు ఎక్కించగలిగేలా ఉండాలి. గోడకు సిమెంటుతో బిగించకండి. మామూలు రోజులలో పాములకూ, పందికొక్కులకూ, జంగుపిల్లులకూ కోడిగూడు వాసన తెలిసే ఉంటుంది కాబట్టి కుందేలు పిల్లలను దాని పక్కన పెట్టడమంటే వాటికి దారి చూపించినట్లే. పిల్లల పెట్టె చుట్టూ వల కంత అర అంగుళం మించకూడదు. బోను కాళ్ళను నీళ్ళు పోసిన పళ్ళేలలో నిలబెడితే చీమలు ఎక్కవు. ఎర్ర చీమలు పట్టిన పెట్టెలో పిల్లలు ఒక్క రాత్రిలో పోతాయి.

జవాబు: పాలకొల్లు మేడ ఇల్లు

ఇంత భయపెట్టవలసిన అవసరం లేదేమోనని నా అభిప్రాయం. మా ఇంట్లో ఒక పెంపుడు కుందేలు నాలుగు పెట్టలతో కలిసి పగలంతా పెరట్లోనే తిరుగుతుంది. ఒకదాని జోలికి ఒకటి పోవు. పెట్టలు దుమ్ములో పొర్లుతుంటే అది పక్కనే కాళ్ళు చాపుకొని పడుకుంటుంది. రాత్రి మాత్రం దాని బోను వరండాలో ఉంటుంది. పుంజు లేదు.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, అమలాపురం

పాలకొల్లు వారు చెప్పినది అబద్ధమని నేను అనను. ఎదిగిన ఒక్క కుందేలు, పుంజు లేని కొద్దిపాటి పెట్టలు, విశాలమైన పెరడు, రాత్రి విడి వసతి, ఈ నాలుగూ కలిశాయి కాబట్టి అది నడుస్తోంది. మేత గిన్నెలు ఎక్కడ పెడుతున్నారో మాత్రం చూసుకోండి. రాజోలు వారి దగ్గర పుంజు ఉంది, పోతు ఉంది, ఈనబోయే ఆడ కుందేళ్ళు ఉన్నాయి. పిల్లలను ఈనించడం కోసం పెంచేవారు పెంపుడు కుందేలును చూసి పోల్చుకోకూడదు.

ప్రశ్నించినవారు: రాజోలు పెరడు

అందరికీ కృతజ్ఞతలు. షెడ్డు లోపల పెట్టే ఆలోచన మానుకున్నాము. రావులపాలెం వారు చెప్పినట్లు తూర్పు చూరు లాగించి, మధ్యలో రేకు కట్టి, బోన్లు బయట పెట్టాలని నిర్ణయించాము. మిగిలిన సందేహాలు మూడు. నాలుగు బాతులు కూడా ఉన్నాయి, అవి బోన్ల కింద తిరిగితే ఫర్వాలేదా? కుందేళ్ళ పెంటికలను, కోళ్ళ ఎరువును ఒకే గోతిలో వేయవచ్చునా? 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు పక్షులను నిర్మూలించారు కదా, అటువంటిది మా దగ్గర వస్తే కుందేళ్ళ సంగతి ఏమిటి?

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, అమలాపురం

బాతులను బోన్ల కిందకు రానివ్వకండి. బాతు ఎక్కడ ఉంటే అక్కడ నీళ్ళు చిమ్మి బురద చేస్తుంది. కుందేలు మూత్రం పడిన నేల తడిగా ఉంటే అమ్మోనియా ఘాటు పైకి లేచి సరిగ్గా దాని ముక్కుకే తగులుతుంది, ముక్కులో నిద్రాణంగా ఉన్న పాస్చురెల్లా లేచేది అప్పుడే. ఈ ఒక్క కారణం చేతనే బోన్ల కింద ఊక గాని, కొబ్బరి పీచు పొట్టు గాని వేసి, తడిసినప్పుడల్లా మార్చాలి. మీరు వంగి బోను అడుగు ఎత్తున ముఖం పెట్టి చూడండి. మీ కళ్ళు మండితే కుందేలు అప్పటికే బాధపడుతున్నదని అర్థం. కోళ్ళను కూడా నేల పొడిగా ఉన్న వేళల్లో కొద్దిసేపు మాత్రమే వదలండి, రోజంతా వద్దు.

బర్డ్ ఫ్లూ విషయానికి వస్తే, భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల హెచ్5ఎన్1 అని నిర్ధారించిన తరువాత చుట్టూ ఒక కిలోమీటరు వరకు రోగగ్రస్త ప్రాంతంగా, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా ప్రకటిస్తారు. నిర్మూలన పక్షులకు సంబంధించినది, కుందేళ్ళకు కాదు. అయినా ఈ వైరస్ పిల్లుల వంటి పాలిచ్చే జంతువులకూ సోకిన ఉదాహరణలు ప్రపంచంలో ఉన్నాయి కాబట్టి, ఆ రోజులలో కోళ్ళను బోన్ల కిందకు అసలు వదలకూడదు, కోళ్ళ వైపు వాడిన చెప్పులతో కుందేళ్ళ వైపు రాకూడదు. కోళ్ళు అకారణంగా ఒకటి తరువాత ఒకటి చనిపోతుంటే వాటిని కాలువలో పారేయకుండా పశువుల ఆసుపత్రికి వెంటనే తెలియజేయండి; ఊళ్ళో ఎవరికి చెప్పాలో తెలియకపోతే 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

జవాబు: లంక ఇల్లాలు, పి. గన్నవరం వైపు

ఎరువు గురించి నేను చెబుతాను. ఒకే గోతిలో వేయకండి. కోళ్ళ ఎరువు పచ్చిగా వేస్తే మొక్క మాడిపోతుంది, దానిని ఊకతో, ఆకుతో కలిపి కొన్ని నెలలు మాగనివ్వాలి. కుందేలు పెంటికలకు ఆ వేడి లేదు. వంగ, బెండ, మిరప పాదుల్లో నేరుగా వేయవచ్చు, కొబ్బరి పాదులోనూ వేయవచ్చు. కలిపేస్తే రెండవదానిని కూడా నెలల తరబడి ఆపుకోవలసి వస్తుంది. ఆకుకూరల మళ్ళకు మాత్రం ఏ ఎరువైనా పచ్చిగా వేయకండి, చేతితో తుంచి వండుకొనేది కదా.

జవాబు: రావులపాలెం కొబ్బరితోట

రేకు కట్టించేటప్పుడు నేలకు ఆనేలా కట్టించకండి, జానెడు ఎత్తున మొదలుపెట్టి కింద వల బిగించండి. నేలకు ఆనిన రేకు మన ఉప్పుగాలికి రెండేళ్ళలో తుప్పు పట్టి చిల్లులు పడుతుంది, పందికొక్కు ఆ చిల్లు దగ్గరే మొదలుపెడుతుంది. ఆ వలను కూడా నేలలోకి అడుగు లోతు దింపి మట్టి కప్పించండి.